ఎడమ గోలుపోస్టు

మొదట పోయింది కార్నరు జెండా.
ఆ తరువాత, ధవళేశ్వరం దగ్గర
మూడో హెచ్చరిక ఎగరేసిన రాత్రి,
ఎడమవైపు గోలుపోస్టు.
సరుగుడు వాసాలు రెండూ, అడ్డబొంగుతో సహా,
ఎవరో భుజాన పెట్టుకు నడిచినట్టు
నిటారుగానే వెళ్ళాయట ఏట్లోకి.
చూసినవాడు పడవ నాగేశు.
వాడి మాటలో సగం తీసెయ్యాలి.
మిగతా సగానికే నాకు నిద్ర పట్టలేదు.

నేను గోరింటలంక స్కూలు డ్రిల్లు మాస్టార్ని.
వరద తీశాక ఏటా టేపు పట్టి మైదానం కొలుస్తాను.
నూట రెండు గజాలు. ఎనభై ఏడు. అరవై.
ఈ ఏడు టేపు బయటికి తియ్యలేదు.

గెడ్డం సువార్తమ్మగారు
షార్జాలో పదకొండేళ్ళు హోటలు బట్టలుతికి వచ్చారు.
పిల్లల చొక్కాలకు నంబర్లు కుడుతూ,
సూది పళ్ళ మధ్య పెట్టుకునే అన్నారు:
"ఇంతోటిదానికి దిగులేటండీ మాస్టారూ,
సిరియావోళ్ళకీ లేదండి గ్రౌండు. ఆయ్.
ఆళ్ళ సొంతూరి మ్యాచీకి మా హోటల్లో దిగేవోరు."

నిజమే.
ఇంట్లో యుద్ధం ఉంటే
సొంత మైదానాన్ని అద్దెకు తెచ్చుకోవాలి.
ఒకసారి మస్కట్టు, ఒకసారి మలేసియా,
ఎవరు పచ్చిక ఇస్తే అదే ఆ పూటకి డమాస్కస్.
కువైట్లో ఆడేవాడొకడు, బాస్రాలో ఒకడు,
స్వీడన్ మంచులో పుట్టినవాడొకడు,
మన రాజోలు ఆడవాళ్ళలా తలోచోటా చెదిరి
తొంభై నిమిషాలకు ఒకచోట చేరేవాళ్ళు.
గీతం పూర్తయ్యేదాకా గుండె మీద చెయ్యి,
ఎదురుగా ఖాళీ కుర్చీలు.

అందులో పద్నాలుగో నంబరు కుర్రాడు,
పేరు ఆవిడకి నోరు తిరగలేదు,
తన చొక్కా విడిగా మూటకట్టి
మీద ఒక సబ్బుబిళ్ళ పెట్టి పంపేవాడట.
అలెప్పో సబ్బు.
పైకి పాతబెల్లం రంగు,
కోస్తే లోపల నూరిన గోరింటాకు.
మిషన్లో వద్దని సైగ. దీంతోనే అని సైగ.
అర్ధరాత్రి స్నానాలగదిలో చేత్తో ఉతికినందుకు
సూపర్‌వైజరు అరరోజు జీతం కోశాడు.
"పోతే పోయిందండి,
ఆ వాసన మాత్రం ఎవుడూ కొయ్యలేదు."

హోటలు వెనక మంగలి షాపు, ఇద్దరన్నదమ్ములు.
గోలు పడితే చిన్నోడు కుర్చీ ఎక్కి గంతేశాడట.
పెద్దోడు టీవీకి వీపు తిప్పి
కత్తి నూరుకుంటూ కూర్చున్నాడట.
ఆ చొక్కా, మా ఇల్లు కూల్చినోళ్ళదే, అన్నాడట.
ఆ రాత్రి షట్టరు దించాక ఇద్దరూ ఏడ్చారట.
ఇది పిల్లలకి ఎలా చెప్పాలో నాకు తెలీదు.
చెప్పలేదు.

సిడ్నీ సంగతి మాత్రం చెప్పాను.
ప్రపంచకప్పు వీధి మొగదాకా వెళ్ళిన జట్టు,
అదనపు సమయం కూడా అయిపోవస్తుంటే
ఆఖరి ఫ్రీకిక్,
గోడ దాటింది,
పోస్టుకు తగిలింది.
"ఎడమ పోస్టా సార్, కుడి పోస్టా?"
అన్నాడు పినపోతు ఏసుబాబు.
గుర్తులేదన్నాను.

ఆదివారం మా సొంత మ్యాచి
ముక్తేశ్వరం వైపు, పరాయి కొబ్బరితోట పక్క బీడులో.
అద్దె రెండొందలు,
కోసిన గడ్డి ఆసామి గేదెలకి.
సువార్తమ్మగారు సున్నపుడబ్బా మూత తీసి చూపించారు:
బొటనవేలి గోరంత మిగిలిన సబ్బు.
"పదకొండింటికీ రాలేదండి. ఒక్కదానికే సరిపోయింది.
ఎవరిదో చెప్పను."

పంటు మీద ఏరు దాటుతున్నంతసేపూ
ఒకడి మెడ దగ్గర ఇంకొకడు ముక్కు పెట్టి,
నాదేరా, కాదు నాదే,
తోసుకుని, తిట్టుకుని,
ఒకడి చెప్పు నీళ్ళపాలయింది.

టాసు గెలిచాం.
ఏ వైపు కావాలని రిఫరీ అడిగితే
ఏసుబాబు బీడంతా ఒకసారి చూసి,
చేత్తో గట్టు మీదుగా చూపించాడు.
"ఏరు కనబడే వైపండి."