తూకంరాయి

కైరవాన్‌లో, ఆడపిల్లల బడిలో, మూడో గదిలో
నా పని సిరాసీసా పట్టుకోవడం.
ఎడమచేతి చూపుడువేలు, రెండో కణుపు దాకా.
పొద్దున్నుంచి ఎన్ని వేళ్లో!
తివాచీ ముడులేసి అరిగినవి,
మక్రూద్ వేయించిన నూనెవాసన వదలనివి,
పెళ్లి గోరింట ఇంకా ఎర్రగా ఉన్నది ఒకటి.
ఈ గదిలో వందలే,
ఊరంతా కలిపితే ఒక్కో వేలూ చేరి వేలు.

మధ్యాహ్నం నమాజయ్యాక తాత వచ్చాడు.
ఖ్మైస్ తాత. సంతలో తూకాలు సరిచూసే
అమీన్ల ఇంట్లో ఆఖరివాడు.
ఆ కొలువు పోయి ఏళ్లూ పూళ్లూ అయినా
జేబులో ఇత్తడి తూకంరాయి పోలేదు.
నన్నెరగనట్టే కార్డు చూపించి
సీసాలోకి తొంగిచూశాడు.
"ఇది పొర కడుతుందా, చర్మంలోకి ఇంకుతుందా?
పొర కడితే వజూ నీళ్లు పైనే ఆగిపోతాయి."
"ఇంకుతుంది తాతా. ఇమాము పొద్దున్నే ముంచుకుని వెళ్లాడు."
"ఇమాముకేం, అన్నిటికీ తొందరే."

వారంగా ఇంట్లో ఇదే రగడ.
"మా తాత బే దర్బారులో చేతిలో చెయ్యి వేశాడు.
చేతిలో చెయ్యంటే మాట.
తప్పితే పైవాడు ఇద్దరినీ నిలబెట్టి అడుగుతాడు.
మీదేమో వేలు, కాగితం, పెట్టె.
పెట్టెకి మొహం ఉంటుందా?"
"మరి నాయనమ్మ ఎవరి చేతిలో వేసింది చెయ్యి?"
"పిండిలో," అంది అమ్మ వంటింట్లోంచి.
తాత నవ్వలేదు.
"పాలకుణ్ణి పిలిపించి, ఫిర్యాదు చేసినవాడి పక్కన
అదే చాప మీద కూర్చోబెట్టిన ఖాజీలుండేవాళ్లు, దోర్సాఫ్."
"రానంటే?"
గ్లాసులో టీ చల్లారి, పైన తేలే గింజలు అడుక్కి దిగాయి.
"సరే, నూరుమంది చేతులెత్తితే
ముప్పావు కిలో కిలో అయిపోతుందా?"
"కాదు. కానీ రాయిని అరగదీసిన అమీన్ని
దింపేది ఎవరు?"
రాయి తీసి బల్లమీద పెట్టాడు.
అరిగిందేమోనని ఇద్దరం వంగి చూశాం.
ఇత్తడి కదా,
మంచివాళ్ల చేతుల్లోనూ కొంత అరుగుతుంది.

ఇవాళ ఆ అట్టతెర వెనక
చాలాసేపు ఉండిపోయాడు.

రాత్రి లెక్కింపులో కరెంటు పోయింది.
ఫోన్ల వెలుగులో ఒక్కో కాగితం పైకెత్తి చూపిస్తున్నాను.
రెండువందల పదమూడోది:
ఏ గడిలోనూ గుర్తు లేదు.
అడుగున ఖాళీలో ఒక త్రాసు.
కాడ కాస్త వంకర, పళ్లేలు మాత్రం సమం.
ఆ వణుకు నాకు తెలుసు.
నా వేళ్లు పట్టుకుని అలిఫ్ దిద్దించిన వణుకు.
అందరూ నా మొహంకేసి చూస్తున్నారు.
"చెల్లదు," అన్నాను.
పార్టీల మనుషులు తలూపారు,
గడ్డమున్నాయనా, లేనాయనా, ఒకేసారి.
ఆ రోజు వాళ్లు ఒప్పుకున్నది అదొక్కటే.

ఇంటికి చేరేసరికి ఆకాశం బూడిదరంగు.
కుళాయి దగ్గర తాత
నిమ్మచెక్కతో వేలు రుద్దుతున్నాడు.
"ఇంకింది," అన్నాడు. "నువ్వన్నట్టే."
మడమలు కడుక్కుంటూ, గోడవైపు చూస్తూ:
"చెల్లనివి ఎన్ని?"
"నలభై ఒకటి."
"సరిగ్గా లెక్కపెట్టారా?"
"రెండుసార్లు."
"చెల్లనివాటిని కూడానా?"
"ఒక్కటి తేడా వచ్చినా సంచికి సీలు పడదు తాతా."

కుళాయి కట్టేశాడు.
జేబు తడుముకుని రాయి తీసి
సిరా అంటిన నా అరచేతిలో పెట్టాడు,
బరువు చూడమన్నట్టు.
నేనింకా చూస్తూనే ఉన్నాను,
అజాన్ మొదలైంది.
చెయ్యి చాచి
తన రాయి తను తీసుకున్నాడు.