మబ్బు పద్దు

పూండిలో మా డాబా మీద
ఆరు నల్ల పలకలు.
బేంకు అప్పుతో ఎక్కించేను.
ముప్పై ఒక్క ఏళ్ళు స్తంభాలెక్కినవాణ్ణి,
కరెంటు తనంతట తాను
మెట్లు దిగి ఇంట్లోకి వస్తుంటే
చూడాలనిపించింది, అంతే.

పక్కింటి కూర్మినాయుడు
పిట్టగోడ మీంచి అడిగేడు:
"ఏటి మావా, మబ్బుని పిండితే
కరెంటొస్తాదేటి?"

పాత లాగ్‌బుక్కులో మిగిలిన కాగితాలున్నాయి.
రోజూ దీపాలవేళ రాసేను.
వైశాఖంలో పన్నెండు యూనిట్లు, పదమూడు.
ఆషాఢం తొలి వాన, ఆరు.
శ్రావణం ముసురు. మూడు. మూడు. రెండున్నర.
ఒకరోజైతే ఒకటింపాతిక:
దాలమ్మ గ్రైండరుకి సరిపోయింది,
ఫ్యాను వీధి తీగని చెయ్యి చాచి అడిగింది.

మబ్బు మరీ పిసినారి కాదు.
జీడితోటల మీద ఆ బూడిదరంగు వెలుగు
ఎంత పల్చగా ఉన్నా
పలక దాన్ని నీళ్ళమజ్జిగలా తాగుతుంది.
ఎండల్లో మేం తీగకి పోసింది
వానల్లో తీగ మాకు తిరిగి పోస్తుంది.
పెట్టుబడి చేతికి రావడానికి
ఏడేళ్ళో, ఎనిమిదేళ్ళో.
నాకిప్పుడు అరవై నాలుగు.
ఆ లెక్క కూడా వేసి, కొట్టేసేను.

ఆశ్వయుజంలో గాలొచ్చింది.
రెండు రాత్రులు కొబ్బరిచెట్లు నేలని వెతుక్కున్నాయి.
మూడో పొద్దు ఆకాశం
తోమి బోర్లించిన కంచం.
పలకలు ఆరూ ఉన్నాయి, ఒక్క బీట లేదు,
వాటి మీద భగభగా ఎండ.
ఇంట్లో చీకటి.

కూర్మినాయుడు వచ్చేడు, చేతిలో చచ్చిన ఫోను.
"మబ్బు నేదు, ఎండుంది,
కరెంటేదీ మావా?"
దాలమ్మదీ అదే చూపు.

ఊరి తీగ చచ్చిపోతే
మా గోడమీది పెట్టె కూడా నోరు మూసుకుంటుంది.
పాడైపోయి కాదు.
అలాగే చేసేరు దాన్ని.
అంతవరకే చెప్పేను.

తవిటయ్య సంగతి చెప్పలేదు.
ఇలాంటి గాలి తర్వాతే,
హరిపురం దాటేక, మూడో స్తంభం.
లైను చచ్చిందని
కిందనుంచి చెయ్యూపింది నేనే.
ఏ రైసుమిల్లులోనో జనరేటరు వేసేరు.
కరెంటు వెనక్కి నడిచి వచ్చింది.
వాడి చెప్పులు స్తంభం మొదట్లోనే ఉండిపోయాయి,
ఒకటి బోర్లా.

నాలుగో రోజు మధ్యాహ్నం
తోటల అవతల, తీగల్లో
పసుపు టోపీ ఒకటి కనబడింది.
ఎవరి పిల్లాడో.
పలకలు ఎండని ముఖాన పెట్టుకుని
ఉలకలేదు, పలకలేదు.

దీపాలవేళ కొవ్వొత్తి దగ్గర
పుస్తకం తీసేను.
"సున్నా కూడా రాస్తారేటి?" అంది దాలమ్మ.
రాయాలి, అన్నాను.