ఏకవార్షికం

ప్యాకెట్ చింపినప్పుడు అందులో ఏమీ లేదనుకున్న.
కాయితం తట్టితే అరచేతిల పడ్డది
ముక్కుపొడుం లెక్క ఒక్క చిటికెడు.
తుమ్మితే తోట పోతది.

మా అమ్మ తైదలు చల్లేటప్పుడు ఇసుక కలిపేది,
చెయ్యి సమంగ నడవాలని.
నేనూ కలిపిన,
ట్రాక్టర్ నుంచి డిండి రోడ్డు మీద రాలిన ఇసుక.
అమ్మ తర్వాత మట్టి కప్పేది.
ఈ లొబీలియాను కప్పొద్దట,
వెలుతురు చూస్తేనే మొలుస్తదట.
విత్తనాన్ని అట్ల బట్టబయలు వదిలి వచ్చిన రాత్రి
నాకు సరిగ్గ నిద్ర పట్టలే.

అయిదు లీటర్ల నూనె డబ్బా, సగానికి కోసింది.
అడుగున మేకుతో నాలుగు బొక్కలు.
దేవరకొండ కాలేజీ, బాటనీ ల్యాబు, కిటికీ ఊచకు ఇనుప తీగ.
బోరునీళ్లు పోస్తే మట్టి మీద తెల్లగ పేరుకుంటదని
నా సీసాలోని కృష్ణ నీళ్లే పోసిన.

అటెండర్ మల్సూరు కింద నిలబడి అడిగిండు:
"కాయ కాస్తదా మేడం?"
తినేది కాదు.
"కూరకొస్తదా?"
రాదు.
ఇంకేం అడగలే.
సోమవారం వచ్చి చూస్తే మాత్రం
మన్ను తడిగ ఉండేది.

పుష్యమాసంల పూసింది.
పైన రెండు రేకులు, కింద మూడు, నడుమ తెల్ల చుక్క.
పెండ్లికి పోయే నాడు నీలిమందు ఎక్కువై
నాన్న ధోతి పాడైంది చూడు,
ఆ నీలం.
డబ్బా అంచు దాటి, కిటికీ దాటి,
కింది సైకిళ్ల స్టాండు దిక్కు జారుకుంట పోయింది.

సెకండియర్ కేతావత్ శైలజ రికార్డుల బొమ్మ గీసి
"మా తండాల బీరతీగ దడి దొరికితే ఎక్కుతది,
దీనికీ ఒక పుల్ల పాతుదామా?" అన్నది.
వద్దమ్మా, దీనికి దిగుడొక్కటే వచ్చు.

ప్యాకెట్ మీద వేసవి పువ్వు అని ఉంది.
ఎవరి వేసవో!
వాళ్ల ఎండాకాలం మన మాఘమాసం.
శివరాత్రికి చలి శివశివా అని పోయింది,
ఆకులు అంచుల నుంచి కమురుడు పట్టినయి.
సగానికి కత్తిరిస్తే మళ్లీ పూస్తదని పుస్తకం చెప్పింది.
పుస్తకానికి మా ఎండ తెల్వదు.

"ఏకవార్షికం: ఒకే ఏడాదిల మొలిచి, పూసి, విత్తి..."
బోర్డు మీద ఆ చివరి మాట రాయకముందే
బెల్లు కొట్టిండ్రు.

ఏప్రిల్‌ల గెస్టు లెక్చరర్ల రిజిస్టర్ మూస్తరు.
జూన్‌ల మళ్లీ దరఖాస్తు, మళ్లీ అవే జిరాక్సులు,
పీరియడుకింత.
ఏడేండ్ల సంది ప్రతి ఏడూ నేను కొత్తదాన్నే.

ఆఖరి రోజు ఎండిన కాయలు గిల్లి
ఖాళీ బామ్ సీసాల దులిపిన.
నువ్వు పర్మనెంటు గద మల్సూరూ, ఉంచు.
అతను మూత తీసి, వెలుతురుకు పట్టి,
ముక్కు దగ్గరికి తెచ్చుకున్నడు.
"ఇందుల ఏం లేదు గద మేడం!"

ఉన్నది.
తుమ్మకు.