రెండు మీటర్ల నలభై

మంచు కరిగి బురదైన మార్చి ఉదయం
నా పాత బళ్ళ దొడ్డిలోకి
కొలతటేపు పట్టుకుని వచ్చింది నెజ్కా.
ఆమె మోచేతి మీద రెండు వేళ్ళు ఆనించి
అరడుగు వెనకగా స్లావ్కో.
రోడ్డువార గోడకి చేరబెట్టి ఉంది
వాళ్ళ జంట సైకిలు,
పెదాల దాకా బురద.

తోల్మిన్‌లో పదహారేళ్ళుగా బళ్ళు అమ్ముతున్నాను.
వచ్చినవాళ్ళు ముందు రంగు చూస్తారు,
తర్వాత ముందరి తెర తాకుతారు,
ఆ తర్వాత ధర వినబడనట్టు నటిస్తారు.
ఈమె నేరుగా వెనక తలుపు దగ్గరికి వెళ్ళి
"తెరవండి" అంది.

వెండిరంగు కారు: ఒకటీ ఎనభై.
ఎత్తుగా, పొగరుగా నిలబడ్డ నల్లది:
ఒకటీ డెబ్భై రెండు, అదీ సీట్లు మడిచాక.
"ఇంత ఒళ్ళు పెట్టుకుని కడుపులో చోటు ఇంతేనా"
అంటూ తలుపు దించేసింది,
పులిసిన పెరుగు గిన్నె మీద మూత పెట్టినట్టు.

కప్పు మీద కట్టుకోవచ్చుగా, అన్నాను.
కట్టుకున్నారట, తొమ్మిదేళ్ళు.
పందొమ్మిది కిలోల సైకిలు,
తొక్కేటప్పుడు ముందు ఆమె, వెనక అతను.
కిందటేడు ఆమె భుజంలో నరమేదో తెగింది.
ఇప్పుడు చెయ్యి చెవి దాటి పైకి లేవదు.

పోనీ వెనక కొక్కానికి?

"అటో అరచెయ్యి, ఇటో అరచెయ్యి బయటికొస్తుంది.
కొండమలుపులో ఎదురొచ్చే బస్సుకి
ఆ సంగతి మీరొచ్చి చెప్తారా?"

నా దగ్గర ఇంక మిగిలింది ఒకటే,
కంచె పక్కన, ఎవరూ అడగని తెల్ల వ్యాను.
"ఇంజను బంగారం," అన్నాను అలవాటుగా,
"కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు."

నాలుక కరుచుకున్నాను.

స్లావ్కో నవ్వాడు.
"ఇరవయ్యేళ్ళుగా అన్నీ అలాగే కొంటున్నా.
ఎటుందో చూపించు."

ముందు గడప మీద అరచెయ్యి పెట్టాడు.
తర్వాత కూర్చున్నాడు. పాదాలు నేలకి ఆనాయి.
"తడి బూట్లు ఇక్కడ కూర్చుని విప్పుకోవచ్చు" అన్నాడు,
ఇల్లు చూడ్డానికొచ్చినవాడు
వంటగది బాగుందన్నట్టు.
లోపలికి పాకి, వేలి మెటికెలతో
నేలంతా తట్టుకుంటూ పోయాడు,
పుచ్చకాయలు ఏరేవాడిలా.
కుడి చక్రం పైన ఆగాడు.
"ఇక్కడ తుప్పు. మీద రేకు అతికారు."
నా నోటుపుస్తకంలో తప్ప
ఎక్కడా లేని మాట అది.

"రై రొట్టె," అన్నాడు మళ్ళీ, గాలి పీల్చి.
నిజమే. కోబారిద్ బేకరీ బండి అది.
పదకొండేళ్ళు తెల్లవారుజాము నాలుగింటికి
వేడి రొట్టెలు మోసింది.
అరల మేకులు ఇంకా గోడలకే ఉన్నాయి.
ఒక్కొక్కటీ తడిమి పేర్లు పెట్టాడు:
తెడ్లు, తాళ్ళు, శిరస్త్రాణాలు,
ఇదేమో తడి బట్టలకి.

టేపు మాత్రం ఒప్పుకోలేదు. పొడవు రెండూ పది.
నెజ్కా మొహం నల్లబడింది.
"ఐమూలగా పట్టు," అన్నాడతను లోపల్నుంచి.
రెండూ నలభై నాలుగు!

సైకిలు ఎక్కించాం.
వెనక చక్రం డ్రైవరు సీటు వీపుకి,
ముందు చక్రం ఎదుటి మూలకి.
తలుపు పడింది, టప్పున.
నాలుగు సెంటీమీటర్ల గాలి మిగిలింది.

దాచడం ఎందుకని చెప్పాను,
నూనె బాగానే తాగుతుందని,
హీటరు ఒకవైపే పనిచేస్తుందని.
"ఏ వైపు?"
నడిపేవాళ్ళ వైపు.
"అయితే ఫరవాలేదు," అన్నాడు స్లావ్కో,
"చలి దానికే ఎక్కువ."
ఆ తుప్పుకి రెండు వందలు తగ్గించాను,
అడక్కుండానే. ఎందుకో మరి.

వాళ్ళు వెళ్ళాక
నల్ల కారు ముక్కు మీద టేపు మర్చిపోయారని చూశాను.
రెండు మీటర్ల నలభై దగ్గర
ఎర్ర గోళ్ళరంగు గీత,
దాని పక్కనే వేలికి తగిలేలా సూదితో పొడిచిన చుక్క.

సాయంత్రం గేటు వేసి
కళ్ళు మూసుకుని
ఒక్కో బండి లోపలా మెటికెలతో తట్టాను.
మొదటి రెండూ బానే పలికాయి.
మూడోదాంట్లో తుప్పు వినబడింది.

ఇంకా ఎవరికీ చెప్పలేదు.