చురుక్కుమన్న చోటు

పర్లాకిమిడిలో నా కొట్టుకి రెండు బోర్డులు,
ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి.
తెలుగు దాంట్లో మ కింది వత్తు రాలిపోయి
కనుబొమ్మలు కాస్తా కనుబొమలయ్యాయి.
అదీ ఒప్పేనని ఒక మాస్టారు చెబితే
అలాగే వదిలేశాను.

కాశీనగర్ మొదటి బస్సు దిగి వచ్చింది సన్యాసమ్మ.
కొంగు కళ్ల మీదికి లాక్కుని
కుర్చీ అంచున కూర్చుంది, లేచిపోయే దానిలా.
కాలేజీ పిల్లలిద్దరూ వెళ్లేదాకా నోరు విప్పలేదు.
అప్పుడు తీసింది రవికలోంచి
మడతల దగ్గర చిరిగిన కాగితం.
గుండ్రటి ముద్ర, డాక్టరు సంతకం,
పూర్తిగా నయమైనదని.
పదకొండేళ్ల కిందటి తారీఖు.

"రోగం పోనాది గాని అమ్మీ, బొమ్మలు రానేదు.
కాగితం ఎంతమందికి సూపించను?
మొకం సూసి ముందే సదివేస్తారు."

అబద్ధమెందుకు,
రెండు జతల గ్లవుజులు తొడిగాను.
ఆమె చూసింది. ఏమీ అనలేదు.
కాసేపటికి ఒక జత తీసేశాను.

దారం పట్టి కొలిచాను, ముక్కు దూలం నుంచి కంటి కొసకి.
వెంట్రుక లేని చోట ఎముకే ఆనవాలు.
"సినిమావోళ్ల లాగ వంకీలొద్దు.
మా యమ్మకుండీవి, కుంచెం కిందకి వాలి."
మూడుసార్లు పెన్సిలు గీత తుడిపించింది.
నాలుగోసారి అద్దం దించలేదు చాలాసేపు.

మా నాన్న కొమ్ము చెక్కేవాడు.
గేదె కొమ్ము కొంగయ్యాక
చివర్న సూదిమొనతో ఈకలు,
ఒక్కో గీతకి ఒక్కో ఊపిరి బిగబట్టి.
గీత పక్క గీతని తాకితే
అది ఈక కాదే, మరక అనేవాడు.
బరంపురంలో పద్దెనిమిది వేలు కట్టి
పది రోజులు నేను నేర్చుకున్నదీ ఆ మాటే.

మత్తు క్రీము తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"ఆ సోట నాకేటీ తెలవదు. డబ్బులు దండగ."
ఆసుపత్రికి ఫోను చేశాను.
లోతు పోకుండా, నిదానంగా అన్నారు.

చర్మం సాగదీసి, ఒకటి. తుడుపు.
రెండు. తుడుపు.
దూదికి ఎర్రటి చుక్క అంటుతున్నా
ఆమె రెప్ప కదలదు.
గుణుపురం రైలు కూతేసి పోయింది.

ఎడమ బొమ్మ తోక దగ్గర
ముప్పై ఎన్నో గీతకి
"అబ్బ" అంది.
చెయ్యి ఆగిపోయింది నాకు.
కళ్లు తెరిచి పైకప్పు కేసి చూస్తోంది.
"సురుక్కుమంది."
"అయ్యో, ఉండు, క్రీము రాస్తా..."
"ఒద్దొద్దు.
అక్కడే. ఇంకొక్కటి గియ్యి."

వారం రోజులు తడి తగలనీకు,
పెచ్చులు గిల్లకు,
ఏడాదిన్నరకి వెలుస్తాయి, మళ్లీ రావాలి,
అన్నీ చెప్పాను.
రెండొందలు తగ్గించమని గట్టిగా బేరమాడి
నూట యాభైకి ఒప్పుకుంది.

కొంగు నెత్తి మీదే ఉంది, ఎండకి.
బస్టాండు వైపు నడుస్తూ
నేను ముట్టుకోవద్దన్న చోటే
వేలితో నొక్కి చూసుకుంటోంది.