గేట్ల కింది నీళ్లు

మూడు నెలలు
నా పుట్టి గుండ్రంగానే తిరిగింది.
సుంకేసుల ఆనకట్టకు పైన,
గాలి కూడా ఆవులించే నిలవనీళ్లలో
తెడ్డు కుడికేస్తే ఎడమకు, ఎడమకేస్తే కుడికి,
ఇసుర్రాయిలో పడిన కందిగింజ మాదిరి.
ఒడ్డున తిక్కయ్య మామ బీడీ తీసి
"సవారమ్మ అని పేరు పెడితే అయితాదా,
నీళ్లు సవారీ ఇయ్యొద్దా?" అన్నాడు.

ఆనకట్టకు కింద వేరే ఏరు.
అదే తుంగభద్ర, అదే రంగు.
గేటు లేస్తే చాలు,
బండలమీద నిలబడి మాట్లాడుతుంది.
వాలుగలు, జెల్లలు అన్నీ ఆడనే.
ఈ పక్క నాకు దొరికేది
గుప్పెడు పరకలు, ఒక పాత చెప్పు.

"ఎప్పుడు పోవల్ల మామా, ఆ పక్కకు?"

టీకొట్టు జయరాముడు అడక్కుండానే చెప్పినాడు:
భయం పోయిన రోజు.
మా ఆడబిడ్డ చెప్పింది:
సంఘం కంతు దగ్గరికొచ్చిన రోజు.
గేట్ల కాడ లస్కరు, అసలు పోనేవద్దన్నాడు.
మామ వల చిక్కు తీస్తా
"నిన్న ఎన్నిసార్లు తెడ్డు దిక్కు చూసినావు?" అన్నాడు.
నేను లెక్కపెట్టలేదు.
"లెక్కపెట్టు."

నలభైసార్లు.
వారం పోయినాక పదకొండు.
ఆషాఢంలో ఒకనాడు
తెడ్డు చేతిలో ఉందనే మర్చిపోయి
కొంగలను చూస్తా చూస్తా
అవతలి ఒడ్డుకు పోయినాను.

తిరిగొచ్చి సంబరంగా నిలబడితే
మామ పుట్టి అంచు పట్టుకొని
ఒక్క తోపు.

నీళ్లు. నోట్లో, ముక్కులో.
పైకి లేస్తే తలమీద బోర్లాపడిన పుట్టి.
చీకటి, తారు వాసన,
కుండలో దాక్కున్నట్టు నా ఊపిరి
ఎవరిదో మాదిరి నాకే వినపడింది.
ఎంతసేపున్నానో తెలీదు.
పైనుంచి ఎవరో తలుపు కొట్టినట్టు
టక్ టక్‌మని వేలితో కొట్టినాడు మామ.
"ఏమ్మా, ఉండావా?"
"ఉండాను."
"అట్లయితే ఆ లోపలుండేది గాలే. గుర్తుపెట్టుకో."
ఆ పొద్దు పాఠం అంతే.
బట్టలు ఆరేదాకా ఎండలో కూచొని
జొన్నరొట్టె, ఎర్రకారెం తిన్నాం.

ఇంకా చానాసార్లు పడేసినాడు.
రెండుసార్లు ఆయనకు చెప్పకుండా నేనే పడినాను.
భయం పోలేదు, జయరాముడూ.
దాని కొలత తెలిసింది.
సోలెడు. నిండుగా సోలెడు.
ఇదివరకు అది ఏటంత ఉందనుకుంటి.

శ్రావణంలో సైరన్ కూసింది.
తెడ్డు పట్టుకొని పరుగెత్తినాను.
మూడు గేట్లు.
కర్ణాటకలో ఎవరిదో గడ్డివామిని
మొత్తంగా మోసుకొస్తా తెల్లటి నీళ్లు.
మామ నా దిక్కు చూడలేదు, నీళ్లను చూసినాడు.
నేనూ చూసినాను.
తెడ్డు కింద పెట్టినాను.
ఆయన వద్దనలేదు,
నేను అడగనూ లేదు.
పొద్దుగూకేదాకా ఒడ్డున కూచొని అలలు లెక్కపెట్టినాం:
ఐదు చిన్నవి, ఒకటి పెద్దది,
ఆ వెనకాల ఏరు ఊపిరి పీల్చుకునే
ఇంత సందు.

పదకొండు దినాలకు
ఒక్క గేటు, జానెడు ఎత్తినారు.
ఇంకా తెల్లవారలేదు, గుడిసె బయట మామ గొంతు:
"పెద్దదంటే కొండంత కాదు సవారమ్మా,
నిన్నటికన్నా బెత్తెడు."

దిగినాను.
మొదటి అల పుట్టిని ఎత్తింది.
రెండోది చెంపమీద కొట్టింది.
మూడోదానికి
నా పుట్టి గుండ్రంగా తిరిగింది.

నేర్చిందంతా యాడికి పాయనో,
మళ్లీ ఇసుర్రాయి, మళ్లీ కందిగింజ.
నీళ్ల మోతలో గట్టిగా నవ్వినాను,
ఎవరికీ వినపడలేదు.
అట్లా తిరుగుతా ఉంటే
చుట్టుకొకసారి
చీకట్లో ఒడ్డుమీద ఎర్రగా
మామ బీడీ నిప్పు.
వచ్చింది, పోయింది.
వచ్చింది, పోయింది.

ఐదు చిన్నవి. ఒకటి పెద్దది.
సందు దొరికింది, తెడ్డు వేసినాను.

నిప్పు
ఒక్క తావున నిలబడింది.