జరగనివాటి లెక్క

దొడ్డనెక్కుందిలో మూడో అంతస్తు.
నా ముందు పదహారు కిటికీలు.
ఒక్కటీ తెరుచుకోదు.
అన్నిట్లోనూ అమెరికాలో ఏదో పేట. ఊరి పేరు మాకు చెప్పరు,
సైట్ నలభై రెండు, అంతే.
నా పగటితో వాళ్ళ రాత్రికి కాపలా.

తొమ్మిదిన్నరకి క్యాంటీన్ కుర్రాడు ఖాళీ దోసె తెస్తాడు.
అక్కడ పదకొండు. మంచు పడుతూంటుంది, చప్పుడు లేకుండా.
లాండ్రీ షాపు గోడ వారన వాడొచ్చి నిలబడతాడు,
టోపీ కళ్ళమీదికి లాక్కుని, చేతులు జేబుల్లో.
మూడు నిమిషాలు దాటగానే వాడి చుట్టూ
ఎర్రటి గడి గీస్తుంది యంత్రం.
నేను బటన్ నొక్కాలి.
నొక్కితే స్తంభం మీది మైకులోంచి ఎవరిదో మగగొంతు
వెళ్ళిపొమ్మని గద్దిస్తుంది.
గొంతు నాది కాదు. వేలు మాత్రం నాదే.

మొదటిరోజు నొక్కాను.
వాడు కెమెరాకేసి చూశాడు. పద్నాలుగేళ్ళుంటాయేమో.
రోడ్డు దాటి, దీపం లేని వైపు వెళ్ళి నిలబడ్డాడు.
పావుగంటకి షట్టరు దించి ఒకావిడ బయటికొచ్చింది.
పరిగెత్తుకొచ్చి ఆమె సంచీ అందుకున్నాడు.
అదీ నేరం.

ఆ తర్వాత నొక్కలేదు.
"నీ నంబర్లు పడిపోతున్నాయి నాగవేణీ" అంటాడు టీమ్ లీడర్.
వారానికి ఆపిన నేరాలెన్ని అనే చోట
నాది సున్నా.

మా మురుగేశపాళ్యం ఐదో క్రాసు మలుపులో
చౌడమ్మ పూలబుట్ట ఉండేది,
రాత్రి పదకొండు దాకా, పక్కన చార్జింగ్ లైటుతో.
ఎవరు ఏ బండి మీంచి దిగారో ఆమెకన్నీ కావాలి.
అందుకే అందరం విసుక్కునేవాళ్ళం.
ఫుట్‌పాత్ ఖాళీ చేయించారు.
నెల తిరక్కుండా సుగుణక్క గొలుసు తెంపుకుపోయారు,
అదే మలుపులో. మెడ మీద గీత ఇంకా మానలేదు.
స్తంభానికి కెమెరా వచ్చింది. మంచి కెమెరా.
రెండో గొలుసు పోవడం చాలా స్పష్టంగా కనిపించింది.

ఇంతకుముందు ఇక్కడేమైనా జరిగాయా అన్నాడు కానిస్టేబుల్.
లేదన్నాం.
ఎందుకు జరగలేదో అడగలేదు.
అతని కాగితంలో దానికి చోటు లేదు.

నిన్న నేనూ సుగుణక్కా హలసూరు మార్కెట్ వెనకాల
చౌడమ్మని పట్టుకున్నాం. రానంది.
"మళ్ళీ తట్ట లాక్కుపోతే మీరిస్తారా డబ్బులు?"
మా గేటు లోపల చోటుందన్నాం.
ఓనరునింకా అడగనేలేదు.

ఇవాళ పదకొండుంపావు దాటిపోయింది.
షట్టరు తెరిచే ఉంది. ఆవిడ రాలేదు.
వాడు కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాడు
ఎర్రగడి లోపల.
దోసె చల్లారిపోతోంది.
చెయ్యి ఒళ్ళో పెట్టుకుని
వాడితోపాటు నేనూ వాళ్ళమ్మ కోసం చూస్తున్నాను.